హిమాలయన్ అండ్ ఇండియన్ రెస్టారెంట్‌కి వెళ్తే ఏం అడగాలి, ఎలా తినాలి

బోర్డు మీద ‘హిమాలయన్ అండ్ ఇండియన్’ అని ఉంటుంది. లోపల గోడకి ఎవరెస్టు ఫొటో, కౌంటర్ దగ్గర బుద్ధుడి బొమ్మ, పక్కనే వినాయకుడు. మెనూ తెరిస్తే వంద ఐటమ్స్ పైనే. చదివి చదివి విసుగొచ్చి చివరికి అందరం చెప్పేది ఒకటే: ఒక బటర్ చికెన్, రెండు గార్లిక్ నాన్, ఒక బిర్యానీ.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇదే జరిగింది. మా ఆర్డర్ వచ్చేలోపు పక్క టేబుల్ దగ్గర కూర్చున్న నేపాలీ కుటుంబానికి భోజనం వచ్చింది. పెద్ద ఇత్తడి పళ్లెం, మధ్యలో గిన్నెతో బోర్లించిన అన్నం, చుట్టూ చిన్న చిన్న గిన్నెలు. పప్పు పైన నేతిలో వేగి నల్లబడిన సన్నటి పోగులు తేలుతున్నాయి. ఉల్లికీ వెల్లుల్లికీ మధ్యలో ఎక్కడో ఉండే ఒక వాసన మా దాకా వచ్చింది. అది మెనూలో ఎక్కడుందా అని వెతికితే చివరి పేజీలో, నాలుగే నాలుగు లైన్లలో దొరికింది. అప్పటికి మా నాన్‌లు టేబుల్ మీదికి వచ్చేశాయి.

తర్వాత చాలాసార్లు వెళ్లి, అడిగి తెలుసుకుని, ఒక పద్ధతి పెట్టుకున్నాను. అదే వరసగా చెబుతాను.

ముందు ఆ బోర్డు సంగతి

ఇండియా బయట ఈ పేరుతో నడిచే రెస్టారెంట్లు చాలావరకు నేపాలీ, టిబెటన్, షెర్పా కుటుంబాలవి. ఆ దేశాల వాళ్లకి టిక్కా మసాలా, కోర్మా, నాన్ ఎప్పటి నుంచో అలవాటు. అవి లేకపోతే వ్యాపారం నడవదు. అందుకని మెనూలో ఎక్కువ భాగం ఉత్తరాది రెస్టారెంట్ వంటలే ఉంటాయి. తాము పుట్టి పెరిగిన ఇంటి వంటని ‘నేపాలీ స్పెషల్స్’ లాంటి పేరుతో ఒక మూల పెడతారు. మీరు ముందు చదవాల్సింది ఆ మూలనే. టిక్కా మసాలా ఇంకెక్కడైనా దొరుకుతుంది. గుంద్రుక్ (పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర) వండే చెయ్యి అన్ని చోట్లా దొరకదు.

‘హిమాలయన్’ అన్నంత మాత్రాన అదంతా ఒకే వంట అనుకోకండి. కాఠ్మాండూ లోయలోని నేవార్ల వంట వేరు, ముస్తాంగ్ వైపు కాళీ గండకీ లోయలో ఉండే థకాలీల వంట వేరు. టిబెటన్లది నూడుల్స్, మాంసం, బార్లీ మీద నడిచే వంట. భూటాన్ వాళ్లకి పచ్చిమిరపకాయ కూరగాయతో సమానం. అందుకే కూర్చోగానే నేను వేసే మొదటి ప్రశ్న, “మీది ఏ ప్రాంతం?” అని. ఆ తర్వాత, “మీ ఇంట్లో వండుకునే వంట ఇందులో ఏది?” అని. ఈ రెండు ప్రశ్నలకి మెనూ మొత్తం మారిపోతుంది. నేవార్లమని చెబితే చొయిలా (కాల్చిన మాంసం), బారా (మినప అట్టు) అడగండి. థకాలీ అంటే థాలీ తప్ప ఇంకో ఆలోచన వద్దు. టిబెటన్ అంటే థెంతుక్ (నూడుల్ సూప్), టింగ్మో (ఆవిరి రొట్టె). షెర్పా అంటే ష్యాక్‌పా అనే చిక్కటి సూప్ ఉందేమో అడగండి, చాలాసార్లు మెనూలో రాయరు.

పిలవడానికి నేపాలీలో వరసలున్నాయి. వయసులో పెద్దవాళ్లయితే దాయి, దిది (అన్నయ్య, అక్కయ్య). చిన్నవాళ్లయితే భాయి, బహినీ. వడ్డించేవాళ్లు నేపాలీలని తెలిశాక “దాయి” అని పిలిచి చూడండి, వాళ్ల ముఖం విప్పారుతుంది. తెలియకుండా మాత్రం అనకండి. వాళ్లు టిబెటన్లు కానీ, పంజాబీలు కానీ అయి ఉండొచ్చు.

వెళ్లే ముందు ఒక ఫోన్

దాల్ భాత్ (పప్పన్నం) థాలీ, నేవారీ ఖాజా సెట్ (అటుకులతో వచ్చే పళ్లెం) లాంటివి కొన్నిచోట్ల శని, ఆదివారాల్లోనే చేస్తారు. కొన్నిచోట్ల ముందు రోజు చెప్పాలి. అంత దూరం వెళ్లాక “ఈ రోజు లేదండీ” అనిపించుకోవడం కంటే ఒక ఫోన్ చేసి కనుక్కోవడం నయం. మధ్యాహ్నం బఫే ఉందా అని కూడా అడగండి. పప్పు, పాలక్ పనీర్, చికెన్ కూరల లాంటివి బఫేలో బాగానే ఉంటాయి, కాసేపు వేడి మీద ఉంటే రుచి ఇంకా పెరుగుతుంది. మొమో (లోపల మాంసమో కూరగాయలో కూరి మడిచిన పిండి ముద్ద), నాన్ మాత్రం బఫేలో తినకండి. మూతపెట్టిన ట్రేలో అరగంట ఉంటే మొమో పైతొక్క అట్టకడుతుంది, నాన్ తోలులా సాగుతుంది.

నలుగురు వెళ్తే అన్నీ పంచుకుని తినడానికి సరిగ్గా సరిపోతుంది. ఇద్దరే వెళ్తే రెండు రకాల మొమో, ఒక థాలీ, ఒక సూప్ చాలు.

మొమోతో మొదలుపెట్టండి

టిబెట్ నుంచి వచ్చిన వంట ఇది. లాసాతో వర్తకం చేసిన కాఠ్మాండూ నేవార్ వ్యాపారులు దీన్ని నేపాల్‌కి తెచ్చారని చెబుతారు. ఇప్పుడు కాఠ్మాండూలో మొమో అమ్మని వీధి ఉండదు. మెనూలో రకరకాల పేర్లు చూసి టెన్షన్ పడక్కర్లేదు, లోపల కూరేది దాదాపు ఒకటే, వండే తీరు మారుతుంది. స్టీమ్ అంటే ఆవిరి మీద ఉడికించినవి. కొఠే అంటే పెనం మీద ఒక వైపు మాత్రం ఎర్రగా కాల్చినవి. ఝోల్ మొమో అంటే టమాటా, నువ్వులతో చేసిన పల్చటి పులుసులో వేసి ఇచ్చేవి. సీ-మొమో అంటే ఉల్లిపాయ, క్యాప్సికమ్ వేసి కారం సాస్‌లో కలిపినవి. మొదటిసారి వెళ్లేవాళ్లు ఒక ప్లేటు స్టీమ్, ఒక ప్లేటు ఝోల్ చెప్పండి. సీ-మొమో చెప్పకండి. ఆ సాస్‌లో ఏ మొమో అయినా ఒకేలా ఉంటుంది, వంటవాళ్ల పనితనం తెలియదు.

పనితనం ఎలా తెలుస్తుందంటే, ప్లేటు రాగానే ఒక మొమోని పైనున్న మడత దగ్గర పట్టుకుని ఎత్తండి. మంచి మొమో కింద బరువుగా, కాస్త సాగినట్టు వేలాడుతుంది. లోపల రసం ఉందన్నమాట. పిండి పల్చగా ఉండి, లోపలి కొత్తిమీర పచ్చదనం నీడలా కనిపిస్తుంది. ఫోర్కుతో మాత్రం గుచ్చకండి. గుచ్చితే రసమంతా ప్లేటులోకి కారిపోతుంది, దాని కోసమే కదా వంటవాళ్లు అంత కష్టపడింది. చిన్నదైతే మొత్తం నోట్లో వేసుకోండి. పెద్దదైతే ఒక మూల కొద్దిగా కొరికి, ముందు రసం పీల్చి, తర్వాత చట్నీలో ముంచండి. రసం బాగా కాలుతూ ఉంటుంది, ఒక్క నిమిషం ఆగడం మంచిది.

చట్నీని వాళ్లు అచార్ అంటారు. మన నోటికి అచార్ అంటే ఆవకాయ లాంటి నిల్వ పచ్చడి గుర్తొస్తుంది, ఇది అప్పటికప్పుడు చేసేది. కాల్చిన టమాటా, వేయించిన నువ్వులు, మిరపకాయ. వీటితో పాటు తిమ్మూర్ అని ఒక దినుసు పడుతుంది. చూడ్డానికి విచ్చుకున్న మిరియంలా ఉంటుంది. నాలుక మీద పడ్డాక ముందు నిమ్మతొక్క వాసన, తర్వాత సన్నటి చిమచిమ, ఆ తర్వాత పెదవులు కాసేపు మొద్దుబారినట్టు ఉంటుంది. ఎవరికైనా మొదటిసారి ఇలా అయితే అలర్జీ వచ్చిందని కంగారు పడతారు. కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది, తిమ్మూర్ లక్షణమే అది. గొంతు బిగిసినట్టు, పెదవులు వాచినట్టు అనిపిస్తే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చెప్పాలి.

తర్వాత ఏం చెప్పాలి

దాల్ భాత్ తర్కారీ థాలీ ఉంటే ఒకటైనా చెప్పండి. అన్నం, పప్పు, కూర, ఆకుకూర, అచార్. వినడానికి మామూలుగానే ఉంటుంది, తేడా అంతా పోపులో ఉంది. పక్క టేబుల్ పప్పు మీద నేను చూసిన ఆ నల్లటి పోగుల పేరు జింబూ. ఉల్లి జాతికి చెందిన అడవి మొక్క, ముస్తాంగ్ లాంటి ఎత్తైన చోట్ల పెరుగుతుంది. దాని ఆకుల్ని ఎండబెట్టి నిల్వచేస్తారు. వేడి నేతిలో చిటికెడు వేస్తే క్షణంలో నల్లబడుతుంది. థకాలీ వంటవాళ్లున్న చోట “పప్పులో జింబూ వేశారా?” అని అడిగితే, మీరు తెలిసి వచ్చారని వాళ్లకి అర్థమవుతుంది.

గుంద్రుక్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆవ ఆకు, ముల్లంగి ఆకు లాంటివాటిని వాడ్చి, కుండలో గట్టిగా కూరి, కొన్నాళ్లు పులియబెట్టి, ఎండబెడతారు. కొండల్లో కూరగాయలు దొరకని కాలానికి దాచుకునే తిండి. దాంతో చేసే పల్చటి పులుసు పుల్లగా, కొంచెం పొగ వాసనతో ఉంటుంది. మొదటి గరిట చాలామందికి నచ్చదు. మూడో గరిటకి అన్నంలో కలుపుకోవడం మొదలుపెడతారు. విడిగా పెద్ద గిన్నె చెప్పకుండా థాలీలో వచ్చే చిన్న గిన్నెతో అలవాటు చేసుకోండి. ఆలూ తామా కూడా ఇలాంటి పుల్లటి కూరే: పులిసిన వెదురు చిగుళ్లు, బంగాళదుంప, బొబ్బర్లు.

ఢీఁడో అని కనిపిస్తే అది రాగి పిండి, మొక్కజొన్న పిండి లేదా కుట్టు (బక్‌వీట్) పిండిని మరిగే నీళ్లలో వేసి తిప్పి తిప్పి చేసిన ముద్ద. వేడిగా ఉన్నప్పుడే తినాలి. చల్లారితే గట్టిపడుతుంది, అందుకే దాన్ని పార్సిల్ చెప్పకండి.

నేవారీ ఖాజా సెట్‌లో అన్నం బదులు అటుకులు ఉంటాయి. పొడిగానే పెడతారు, నానబెట్టరు. పక్కన చొయిలా (నిప్పుల మీద కాల్చిన మాంసం ముక్కలు), వేయించిన సోయా గింజలు, ఆలుగడ్డ అచార్, మినప్పప్పుతో పెనం మీద వేసిన బారా. చొయిలా మీద వేడి ఆవనూనెలో మాడేదాకా వేయించిన మెంతుల పోపు పోస్తారు. ఆవనూనె ఘాటు ముక్కుకి ఎక్కుతుంది. అది అలవాటు లేనివాళ్లు ముందే ఆలోచించుకోండి.

చలిరోజైతే థుక్పా లేదా థెంతుక్. రెండూ టిబెటన్ నూడుల్ సూప్‌లే. థుక్పాలో పొడవాటి నూడుల్స్, థెంతుక్‌లో చేత్తో లాగి తుంచి వేసిన వెడల్పు ముక్కలు. థెంతుక్ నాకు ఎక్కువ ఇష్టం, పిండి మందంగా ఉన్న చోట నమలడానికి బాగుంటుంది. పక్కన టింగ్మో, అంటే ఆవిరి మీద ఉడికిన మెత్తటి రొట్టె, చెప్పుకుంటే సూప్‌లో ముంచుకోవచ్చు.

కారం మాట

మైల్డ్, మీడియం, హాట్ అని అడుగుతారు. ఈ కొలత అక్కడి వాళ్ల నాలుకని బట్టి పెట్టింది కాబట్టి వాళ్ల మీడియం మనకి చప్పగా అనిపించవచ్చు. అలాగని “ఇండియన్ హాట్” అనేయకండి. అలా అంటే కొన్ని వంటిళ్లలో చివర్లో కారప్పొడి గుమ్మరించి ఇస్తారు, కూరలో కలవదు, నోరు మండటమే మిగులుతుంది. మీడియం చెప్పి, పక్కన పచ్చిమిరపకాయలు, అచార్ అడగడం మేలు. నేపాలీలో కారాన్ని ‘పిరో’ అంటారు.

భూటాన్ వాళ్ల ఎమా దత్షీ దగ్గర జాగ్రత్త. ఎమా అంటే మిరపకాయ, దత్షీ అంటే చీజ్. పేరులో ఉన్నదే గిన్నెలోనూ ఉంటుంది. కారం తట్టుకోలేనివాళ్లు బంగాళదుంపతో చేసే కేవా దత్షీ చెప్పుకోవచ్చు.

తినకూడనివి ఉంటే

ఇక్కడ మొహమాటం వద్దు. మెనూలో ‘బఫ్’ అని ఉంటే గేదె మాంసం, బీఫ్ కాదు. నేపాల్‌లో ఆవు జాతీయ జంతువు, గోవధ నిషేధం. అందుకే కాఠ్మాండూ మొమోలో ఎక్కువగా గేదె మాంసమే వాడతారు. కానీ ఇతర దేశాల్లో, ముఖ్యంగా టిబెటన్ వంటిళ్లలో, బీఫ్ మొమో, పోర్క్ మొమో కూడా ఉంటాయి. తినని వాళ్లు ప్రతిసారీ అడిగి తెలుసుకోండి.

శాకాహారులు మూడు విషయాలు కనుక్కోవాలి. వెజ్ థుక్పాలో పోసే నీళ్లు కూరగాయలతో మరిగించినవా, ఎముకలతోనా? వెజ్ మొమో ఉడికించే పాత్రలోనే పై అంతస్తులో చికెన్ మొమో పెడుతున్నారా? పెడితే రసం కిందికి కారుతుంది. నాన్ పిండిలో గుడ్డు కలుపుతారా? చాలామంది కలపరు, కొందరు కలుపుతారు.

అలర్జీ ఉంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడు కాదు, కూర్చోగానే చెప్పండి. కోర్మా, షాహీ పనీర్, బటర్ చికెన్ గ్రేవీల చిక్కదనం చాలాసార్లు జీడిపప్పుదే. మొమో అచార్‌లో నువ్వులు తప్పకుండా అడగాల్సిన సంగతి. నేపాలీ వంటలో ఆవాలు, ఆవనూనె ఎక్కడైనా ఉండొచ్చు. యూరోపియన్ యూనియన్‌లో, బ్రిటన్‌లో రెస్టారెంట్లు తప్పనిసరిగా చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలు, నువ్వులు రెండూ ఉన్నాయి. అమెరికా ప్రధాన జాబితాలో ఉన్నవి 9. నువ్వులు 2023లో చేరాయి, ఆవాలు ఇప్పటికీ లేవు. అందుకని ఆవాలు పడనివాళ్లు అక్కడ మెనూ మీద గుర్తుల్ని నమ్ముకుని కూర్చోకూడదు. గోధుమ పడనివాళ్లకి మొమో, నాన్, థుక్పా కుదరవని తెలిసిందే, తెలియనిది పప్పు పోపులోని ఇంగువ. పొడి ఇంగువలో చాలావరకు గోధుమ పిండి కలిపి ఉంటుంది. చాలా సోయా సాస్‌లలోనూ గోధుమ ఉంటుంది, కాబట్టి చౌమీన్ నూడుల్స్ రైస్‌తో చేసినవైనా సాస్ గురించి అడగండి.

ఒకసారి మా స్నేహితురాలికి జీడిపప్పు పడదని చెప్పాం. “కూరలో లేదు” అని చెప్పి తెచ్చారు. కూరలో నిజంగానే లేదు, పైన అలంకరణకి చల్లిన ముక్కల్లో ఉంది. ఆమె చూసి ఆగింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి నేను “పైన చల్లేదాంట్లో కూడా వద్దు” అని విడిగా చెబుతాను, వంటింట్లోకి వెళ్లి కనుక్కుని రమ్మని అడుగుతాను.

ఇండియన్ పేజీలో ఏం చెప్పాలి

తందూరీ వంటలు చెప్పండి. అంత వేడి పొయ్యి ఇంట్లో ఉండదు కాబట్టి అక్కడ తినడమే సబబు. గ్రేవీ కూరల్లో ఒకటి చాలు. ఒకే మసాలా గ్రేవీని కొద్ది మార్పులతో నాలుగైదు పేర్లకి వాడటం రెస్టారెంట్లలో మామూలే, మూడు చెబితే మూడూ ఒకేలా అనిపిస్తాయి. పేర్లు చూసి మోసపోకండి: మద్రాస్ కర్రీ బ్రిటన్ కర్రీ హౌస్‌ల సృష్టి. విందాలూ పోర్చుగీసు వాళ్ల వంటకం గోవాకి వచ్చి మారినది, వెనిగర్, వెల్లుల్లి దాని ప్రాణం. వెనిగర్ పులుపు లేకుండా కారమే ఉంటే అది పేరుకే విందాలూ.

నాన్‌లు ఒకేసారి చెప్పొద్దు. సగం ఇప్పుడు, సగం తర్వాత.

తినేటప్పుడు

థాలీ వచ్చాక అన్నం మీద పప్పు కొంచెం కొంచెంగా పోసుకుని, ప్రతి ముద్దకీ ఒక్కో గిన్నెలోంచి కాస్త కలుపుకోండి. చేత్తో తింటే ఎవరూ ఏమీ అనుకోరు, సంతోషిస్తారు కూడా. అన్నం, పప్పు, కూర మళ్లీ వడ్డించడం నేపాలీల పద్ధతి. ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు ‘దాల్ భాత్ పవర్, 24 అవర్’ అని చెప్పుకుంటారు. బయటి దేశాల్లో మాత్రం అన్ని చోట్లా ఉచితం కాదు, మొదటిసారి అడిగి పెట్టించుకోండి. మాంసం మామూలుగా మారు వడ్డించరు. చాలు అని చెప్పడానికి ‘పుగ్యో’. బాగుంది అనడానికి ‘మీఠో ఛ’.

ఎంగిలిని వాళ్లు ‘జూఠో’ అంటారు, పట్టింపు మనకున్నంతే. అందరూ పంచుకునే గిన్నెలో మీ చెంచా పెట్టకండి, వడ్డించే గరిట అడగండి.

తాగడానికి లస్సీ అందరికీ తెలిసిందే. ఉప్పు వేసిన టిబెటన్ బటర్ టీని టీ అనుకుంటే నచ్చదు, పల్చటి సూప్ అనుకుని తాగండి. మద్యం అమ్మే చోటైతే తోంగ్బా ఉండొచ్చు. పులిసిన రాగుల మీద వేడినీళ్లు పోసి, ఐదు నిమిషాలు ఆగి, వెదురు గొట్టంతో పీల్చే పానీయం. తూర్పు నేపాల్ లింబూలది. నీళ్లు మళ్లీ మళ్లీ పోసుకోవచ్చు, తేలిగ్గా దిగుతుంది, ఎక్కడం మాత్రం తర్వాత తెలుస్తుంది. కారు నడపాల్సిన వాళ్లు ముట్టుకోవద్దు. తీపికి గులాబ్ జామున్ కంటే ముందు జుజు ధౌ ఉందా అని అడగండి. భక్తపూర్ వాళ్ల గేదె పాల మీగడ పెరుగు, మట్టి పాత్రలో తోడుపెడతారు. పేరుకి అర్థం ‘రాజు పెరుగు’.

బిల్లు వచ్చాక సర్వీస్ ఛార్జ్ కలిపారో లేదో చూసుకుని, దాన్ని బట్టి ఆ దేశపు అలవాటు ప్రకారం టిప్ ఇవ్వండి.

మొమో మిగిలితే పార్సిల్ కట్టించుకోవచ్చు. అచార్, ఝోల్ విడి డబ్బాల్లో పెట్టమనండి, కలిపి పెడితే ఇంటికి చేరేసరికి పిండి నాని విడిపోతుంది. మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టకుండా పెనం మీద చుక్క నూనె వేసి, అడుగు ఎర్రబడ్డాక రెండు చెంచాల నీళ్లు చల్లి మూత పెట్టండి. నీళ్ల చప్పుడు ఆగగానే దించేస్తే, స్టీమ్ మొమో కొఠే మొమో అవుతుంది.